విజయవాడ నుంచి లెస్టర్‌కి నాన్న ఆర్‌ఎక్స్ 100: మూడేళ్ల తర్వాత

నాన్న 1994 నవంబర్‌లో కొన్న యమహా ఆర్‌ఎక్స్ 100ని 2022లో ఓడలో ఇంగ్లండ్ తెచ్చుకున్నాను. మూడేళ్లు దాటింది. అప్పట్లో ఎవరైనా తమ అనుభవం తెలుగులో రాసి ఉంటే నాకు సగం టెన్షన్ తప్పేది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. మీది ఇక్కడి షోరూముల్లో దొరికే బండి అయితే తేవద్దు. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇక్కడా అమ్ముతున్నారు, అక్కడిది అమ్మేసి వచ్చి ఇక్కడ కొనుక్కోండి. ఆర్‌ఎక్స్ 100 సంగతి వేరు, దాని తయారీ 1996లోనే ఆగిపోయింది. పైగా ఇది నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని నాన్న స్కూల్లో దింపిన బండి.

ఓడలో ఏమవుతుందో అని నేను పడ్డ భయం అనవసరం. కష్టమంతా కాగితాల దగ్గరే. బ్రిటన్‌కి మకాం మార్చేవాళ్లు తమ సామాన్లనీ బండినీ కస్టమ్స్ సుంకం, 20 శాతం వ్యాట్ లేకుండా తెచ్చుకోవచ్చు. దీన్ని ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ అంటారు, బండి రాకముందే అప్లై చేసి అనుమతి నంబర్ తెచ్చుకోవాలి. కాకపోతే బండి కనీసం ఆరు నెలలుగా మీదై ఉండాలి, మీరు వాడుతూ ఉండాలి. వచ్చాక ఏడాది దాకా అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు.

మా బండి ఆర్‌సీ నాన్న పేరు మీదే ఉండిపోయింది. ఆయన పోయి రెండేళ్లయినా మార్పించాలని మాకెవరికీ తోచలేదు. ఫారం 31 పెట్టి, అమ్మా అక్కా అభ్యంతరం లేదని సంతకాలు చేసి, నా పేరు మీదకి మార్పించాం. పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఒకటి, పాత చలానాలు ఒకటి, చివర్లో ఆర్టీవో ఆఫీసు ఎన్‌ఓసీ. వీసా చేతికొచ్చాక మొదలుపెడదామంటే కుదరదు. తీసుకెళ్లాలనే ఆలోచన వచ్చిన రోజే ఆర్‌సీ తీసి ఎవరి పేరుందో చూడండి.

ప్యాకింగ్ చెన్నైలో. సముద్ర రవాణాలో బైకుని ప్రమాదకర సరుకు కింద లెక్కేస్తారు కాబట్టి పెట్రోలు మొత్తం తీసేయాలి, బ్యాటరీ వైర్లు ఊడదీయాలి. క్రేట్ చెక్క మీద వేడితో శుద్ధి చేసినట్టు హెచ్‌టీ ముద్ర ఉండాలి. పదిమంది సామాన్లు కలిసి వెళ్లే కంటైనర్‌లో ఛార్జీ ఘనపు మీటర్ల లెక్కన ఉంటుంది. అద్దాలు, హ్యాండిల్ విప్పేస్తే క్రేట్ చిన్నదై డబ్బు కలిసొస్తుంది.

నా బండిని కట్టినవాళ్లు ముందు ఫోర్కుల మీద నుంచి బెల్టులు బిగించి, సస్పెన్షన్ పూర్తిగా అణిగేదాకా లాగేశారు. ఆరు వారాలు అలాగే ఉండటంతో రెండు ఆయిల్ సీళ్లూ పోయాయి. టైరు పైన ఫోర్కు కింద చెక్క దిమ్మ పెట్టించండి, దగ్గరుండి చూసుకోండి.

ఇంకో దెబ్బ బిల్లు దగ్గర తగిలింది. చెన్నైలో 88 వేల రూపాయలు కట్టాను. ఇక్కడ దిగాక పోర్టు ఛార్జీలు, కాగితాలు, ఇంటికి చేర్చడం కలిపి 540 పౌండ్లు అడిగారు. నాకు నోటితో చెప్పింది ఇంటి దాకా అని, కొటేషన్‌లో రాసింది పోర్టు దాకా అని. ఆ లైను నేను చదవలేదు, మీరు చదవండి.

క్రేట్ పలకలు ఊడదీసిన రోజు మర్చిపోలేను. టూల్ బాక్సులో నాన్న ప్లగ్గు తుడిచే గుడ్డ నాలుగు మడతలతో అలాగే ఉంది, అంచున నల్లటి గ్రీజు వేలిముద్రలతో సహా. పెట్రోలు పోసి, నాలుగో కిక్కుకి స్టార్ట్ చేశాను. ఫోన్లో అమ్మ "ఇంకొంచెం రేజ్ చెయ్యి నాన్నా" అంది. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

రిజిస్ట్రేషన్ అనుకున్నంత కష్టం కాదు. బండి దిగిన 14 రోజుల్లో పన్నుల శాఖకి నోవా పద్ధతిలో తెలియజేయాలి. పదేళ్లు దాటిన బైకు కాబట్టి అప్రూవల్ టెస్టు అక్కర్లేదు, ఎంఓటీ అనే ఏటేటా చేయించే ఫిట్‌నెస్ పరీక్ష ఒకటి చాలు. ఇన్సూరెన్సుకే తిరిగాను. నంబర్ లేని బండికి ఛాసిస్ నంబర్ మీద పాలసీ అంటే మామూలు కంపెనీలు కుదరదన్నాయి, పాత బైకులకే ఇచ్చేవాళ్లు ఇచ్చారు. వీ55/5 అనే రిజిస్ట్రేషన్ ఫారం, 55 పౌండ్ల ఫీజు, ఒరిజినల్ ఆర్‌సీ కలిపి డీవీఎల్‌ఏకి, అంటే ఇక్కడి ఆర్టీవో లాంటి ఆఫీసుకి పంపాను. ఆర్‌సీని ముందే రంగుల్లో స్కాన్ చేసి దాచుకోండి. కొత్త ప్లేటు ఎం అక్షరంతో మొదలైంది, 1994 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఇక్కడ నడిచిన అక్షరం. హెడ్‌లైటు మార్చక్కర్లేదు, ఇక్కడా ఎడమవైపే కదా. స్పీడోమీటరుకి మాత్రం మైళ్ల అంకెలున్న డయల్ వేయించాను.

వాడకంలో తెలిసినవి: ఇక్కడి మామూలు పెట్రోలు ఈ10, అంటే పది శాతం దాకా ఇథనాల్ కలిపినది, పాత రబ్బరు పైపులకి పడదు. కాస్త ఖరీదైనా ఇథనాల్ తక్కువుండే ఈ5 పోయండి. చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, మొదటి ఏడాదే సైలెన్సర్ క్రోమ్ పొక్కింది. ఇప్పుడు డిసెంబర్ నుంచి మార్చి దాకా బండి బయటికి తీయను. లండన్ వెళ్తే రోజుకి 12.50 పౌండ్ల కాలుష్య ఛార్జీ, కాబట్టి వెళ్లను. మన లైసెన్సు మీద ఏడాదే నడపొచ్చు. ఆ తర్వాత ప్రొవిజనల్, అంటే ఇక్కడి లెర్నర్ లైసెన్సు తీసుకుని, సీబీటీ అనే ఒకరోజు శిక్షణ పూర్తి చేసి, ఎల్ బోర్డు పెట్టుకుని నడుపుతున్నాను.

వచ్చే నెల మళ్లీ ఎంఓటీ. వెనక బ్రేక్ షూలు అరిగాయి, అక్క వస్తూ విజయవాడ బీసెంట్ రోడ్డు నుంచి జాకెట్లతో పాటు అవీ తెస్తానంది.