ఆంబోలీలో రెండు రాత్రులు, పసుపు కప్ప కోసం

"కప్పను చూడ్డానికి ఆంబోలీ దాకా ఎందుకే, వానాకాలమొస్తే మన మోరీ పక్కన లేవా?" అని బయల్దేరేముందే అంది అత్తయ్య. అయినా కారెక్కింది. మహారాష్ట్రలోనే సహ్యాద్రి కొండల మీద ఊరు ఆంబోలీ. మేముండే సోలాపూర్ నుంచి కొల్హాపూర్, ఆజరా మీదుగా టీలూ టిఫిన్లూ కలిపి ఎనిమిది గంటలు. ఘాట్ దగ్గరికొచ్చేసరికి పట్టపగలే హెడ్‌లైట్లు వేయాల్సి వచ్చింది.

మొదటి రాత్రి జలపాతం దారిలో ఓ లాడ్జి. ఫోన్లో 1,800 అన్నవాళ్లు, శనివారం కదా అని కౌంటర్ దగ్గర 2,600 చేశారు. దుప్పట్లు ముక్క వాసన. గీజర్ ఉంది, కరెంటు లేదు. కింద తెల్లవార్లూ పాటలు. పొద్దున్నే ఖాళీ చేసి పక్కూరు చౌకుల్ వైపు ఒక ఇంట్లో దిగాం. తలకి 1,200, రెండు పూటలా భోజనంతో. బియ్యప్పిండి రొట్టె (భాకరీ), ఉలవపిండి కూర పిఠలా, కోకం పులుపుతో చేసే సోల్‌కఢీ. జొన్నరొట్టె లేనిదే ముద్ద దిగని మామయ్య కూడా మారు అడిగారు. బాత్రూము మాత్రం బయట, గొడుగేసుకుని వెళ్లాలి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు చూసుకోండి.

గైడుని ఆ ఇంటాయనే కుదిర్చాడు. ఈ ట్రిప్పులో పెట్టిన డబ్బుకి పూర్తి న్యాయం జరిగింది ఇక్కడే. ఫ్లాష్ వద్దు, ముట్టుకోవద్దు, కారు ఊళ్లోనే వదలాలి అని ముందే చెప్పేశాడు. ఆ చివరి మాటకి మా ఆయన మొహం మాడ్చుకున్నాడు. గైడు దాదా తగ్గలేదు.

'సడా' అని పిలిచే ఎర్రరాతి మైదానం మీద, టార్చి వెలుగులో కనిపించింది. బొటనవేలి కణుపంత. పసుపు ఒళ్లు, పక్కల పులిచారలు. ఆ చారల వల్లే 2009లో దీనికి జాంతోఫ్రైన్ టైగరీనా అని శాస్త్రీయ నామం పెట్టారు. ప్రకృతి పరిరక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో క్రిటికల్లీ ఎండేంజర్డ్, అంటే అంతరించిపోయే ముప్పు చాలా తీవ్రంగా ఉన్నది. దాని తర్వాత మెట్టు, అడవిలో ఇక లేనట్టే. మామూలు గోదురుకప్ప వేలల్లో గుడ్లు పెడుతుంది, ఇది పదుల్లోనే. అదీ చెరువులో కాదు, తొలి వానలకి రాతి గుంటల్లో నిలిచే కాసిని నీళ్లలో. నాలుగు రోజులు వాన మొహం చాటేస్తే గుంట ఎండిపోతుంది. ఏటా దాదాపు 7,000 మిల్లీమీటర్ల వాన పడే ఊళ్లో నీళ్ల కరువేంటని అత్తయ్య నమ్మలేదు. మన సోలాపూర్‌లో పడేది అందులో ఇంచుమించు పదో వంతే మరి.

ఇంకో గుంట దగ్గర దాదా ఆగాడు. సగం బురదే. అంచున టైరు గుర్తు. సాయంత్రం మొక్కజొన్న పొత్తులు తింటూ మేం కారు ఆపింది సరిగ్గా అక్కడే. ఆయన మమ్మల్నేమీ అనలేదు. "శని, ఆదివారాల్లో అందరూ బళ్లు ఇక్కడికే ఎక్కించేస్తారు" అన్నాడు మరాఠీలో. మా ఆయన ఆ గుర్తు పక్కన గొంతుకూర్చుని చాలాసేపు చూశాడు. గుడ్లు లేవు. అసలే లేవో, మా చక్రం కిందే పోయాయో.

లోయ చూసే చోటు కావళేసాద్‌లో ఆదివారం జనం తప్ప లోయ కనబడలేదు. వారం మధ్యలో వెళ్లండి. హిరణ్యకేశి గుడి మాత్రం వదలొద్దు. అక్కడి కోనేటి చేపని కొత్త జాతిగా 2020లో గుర్తించి, మరుసటేడే ఆ చోటుని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. మేం వెళ్లిన సోమవారం పొద్దున పూజారి, మేము, వాన. అంతే.

తిరుగుదారిలో టీకి ఆపినప్పుడు మా ఆయన తారురోడ్డు దిగలేదు. వెనక బస్సువాడు హారన్ కొడుతూనే ఉన్నాడు.