నల్లుల ట్రీట్‌మెంట్: డబ్బు పెట్టాల్సింది రెండో విడతకి

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకీ హాస్టళ్ళకీ పెస్ట్ కంట్రోల్ వాళ్ళు అమ్మే నల్లుల ట్రీట్‌మెంట్ ఇంచుమించు ఒకే మూసలో ఉంటుంది. రెండు విడతల స్ప్రే, మధ్యలో కొన్ని రోజుల గడువు, చివర్లో వారంటీ కాగితం. పద్ధతికి వంక పెట్టలేం. చేసే తీరుకి మాత్రం ఐదుకి మూడు మార్కులే.

అసలు పిలవాలా వద్దా అన్నది ముందు తేలాలి. దద్దుర్లు చూసి ఫోన్ చేయకండి. దోమ కుట్టినా, గజ్జి పట్టినా అలాగే కనిపిస్తాయి. నల్లి కుట్టినా కొందరికి మచ్చే రాదు. టార్చి, పాత ఏటీఎం కార్డు తీసుకుని పరుపు కుట్ల వెంట, మంచం తలవైపు చెక్క వెనక, స్క్రూ గుంటల్లో, ప్లైవుడ్ అతుకుల్లో కార్డు అంచుతో గీకుతూ పోండి. సిరా చుక్కల్లాంటి నల్లమచ్చలు దొరికితే తడిగుడ్డతో అద్దండి, తుప్పురంగులో అలుక్కుంటే అనుమానం బలపడినట్టే. విడిచిన పొట్టు, మిల్లీమీటరు పొడవు తెల్ల గుడ్లు కూడా గుర్తులే. 5 నుంచి 7 మిల్లీమీటర్ల నల్లి ప్రాణంతో దొరికితే ఇక సందేహం లేదు. దాన్ని టేపుకి అంటించి ఉంచండి, వచ్చినవాళ్ళకి చూపించడానికి.

టూ బీహెచ్‌కేకి ఇంత అని ఫోన్‌లోనే రేటు చెప్పేశారంటే అది బొద్దింకల లెక్క. నల్లులకి లెక్కపెట్టాల్సింది మంచాలు, సోఫాలు. వచ్చిన మనిషి సంచిలో స్క్రూడ్రైవర్ ఉందో లేదో చూడండి. మంచం విప్పకుండా, పరుపు తిరగేయకుండా గోడ అంచుల వెంట మందు కొట్టి అరగంటలో వెళ్ళిపోతే ఆ డబ్బు బూడిదలో పోసినట్టే.

మందు సంగతికొస్తే, ఎక్కువగా వాడే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ ఒకే కుటుంబానివి. ఆ కుటుంబానికి తట్టుకునే నల్లులు ఇప్పుడు చాలాచోట్ల ఉన్నాయి. పైగా స్ప్రేతో గుడ్లన్నీ చావవు. మన వేడికి అవి వారం, పది రోజుల్లో పొదుగుతాయి. అందుకే రెండో విడత 12 నుంచి 15 రోజుల మధ్య పడాలి. అంతకంటే ముందైతే పొదగని గుడ్లు మిగులుతాయి. నెల దాటితే మొదటి పిల్లలు ఎదిగి మళ్ళీ గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. ‘అవసరమైతే వస్తాం’ అనే మాట ఒప్పుకోకండి, మొదటిరోజే తేదీ రాయించుకోండి. మొదటిసారి పనిచేసిన మందే రెండోసారీ తెస్తే పరవాలేదు. దానికి చావకపోతే వేరే రకం మందు అడగండి. డబ్బా లేబుల్, 1968 పురుగుమందుల చట్టం కింద తీసుకున్న లైసెన్సు చూపించమంటే చిరాకుపడేవాళ్ళని గుమ్మంలోంచే పంపేయండి.

ఒక విషయంలో రాజీ వద్దు. మాత్రలు పెట్టి గది మూసేస్తామంటే అది అల్యూమినియం ఫాస్ఫైడ్ అయ్యే అవకాశం ఎక్కువ. దాన్నుంచి వచ్చే ఫాస్ఫీన్ గ్యాసు గోడల సందుల్లోంచి, డక్టుల్లోంచి పక్క ఫ్లాట్‌లోకి వెళ్ళి ప్రాణాలు తీస్తుంది. మనుషులుండే ఇళ్ళలో దానికి చోటు లేదు.

సర్వీసు వదిలేసే లోటు పూడ్చేది స్టీమర్, అంటే వేడి ఆవిరి చిమ్మే యంత్రం. మందుకి చావని మొండి నల్లైనా, గుడ్డైనా వేడికి ఒకటే. 55 డిగ్రీలు దాటితే రెండూ చస్తాయి. కానీ హడావిడిగా తిప్పితే పై బట్ట తడవడం తప్ప ఏమీ కాదు. అడుగు దూరానికి అరనిమిషం పట్టేంత నెమ్మదిగా జరపాలి, ఆవిరి తగిలిన చోట వెంటనే కొలిస్తే 70 డిగ్రీలు దాటి ఉండాలి. సన్నని నాజిల్ పెడితే ఆ జోరుకి నల్లులు ఎగిరి అవతల పడతాయి, వెడల్పు మూతికి గుడ్డ చుట్టి వాడండి. స్విచ్‌బోర్డుల దగ్గరికి పోనివ్వకండి. స్ప్రేకి ముందే ఆవిరి పట్టి, పూర్తిగా ఆరాక మందు కొట్టించాలి. తర్వాత పడితే మందు కొట్టుకుపోతుంది.

దుప్పట్లు 60 డిగ్రీల నీళ్ళలో ఉతకండి. చన్నీళ్ళ వాషింగ్ మెషీన్ నల్లులకి స్నానం మాత్రమే. పరుపు ఎండలో వేయడం పాత అలవాటే గానీ, పైభాగం కాలేలోపు అవి అడుగుకి చేరతాయి. ఒకేసారి పొగలా విరజిమ్మే ఫాగర్ డబ్బాలు కొనకండి, ఆ మందు సందుల్లోకి దిగదు.

మందు కొట్టాక నాలుగైదు గంటలు బయట ఉండి, కిటికీలు తెరిచి లోపలికి రండి. కొట్టిన అంచులు రెండో విడతదాకా తుడవద్దు. పడుకోవడం మాత్రం ఆ మంచం మీదే. హాల్లోకి మారితే మనిషి వాసన పట్టుకుని అవీ హాల్లోకి వస్తాయి.

వారంటీ వాడుకోవాలంటే రుజువు కావాలి. మంచాన్ని గోడకి అడుగు దూరం జరిపి, ఒక్కో కాలు కింద నున్నటి ప్లాస్టిక్ గిన్నె పెట్టి, లోపలి గోడలకి పౌడరు రాయండి. దిగిన నల్లి ఎక్కలేదు. దుప్పటి నేలకి తగలకూడదు. కాళ్ళే లేని స్టోరేజ్ మంచాలతో ఈ పని కుదరదు, నల్లులకి అంతకన్నా అనువైన ఇల్లు ఎవరూ కట్టలేదు. వాటికి వారానికోసారి కార్డు, టార్చి పట్టుకోవాల్సిందే. గిన్నెల్లో ఒక్కటి దొరికినా ఫొటో తీసి, వారంటీ గడువు దాటకముందే కంపెనీకి పంపండి.