ఆరేళ్లు ఒకే లెన్స్‌తో: 50 ఎంఎం ఎఫ్/1.8 వాడాక

నా 50 ఎంఎం లెన్స్ మీద అంకెలు సగం చెరిగిపోయాయి. ఫోకస్ రింగు కొంచెం వదులైంది. ముందు అంచు దగ్గర సన్నటి పగులు ఉంది. ఆరేళ్లలో దీనితో 30 వేలకు పైగా ఫొటోలు తీశాను. వాటిలో ఇంట్లోవాళ్లు ఇష్టపడి ఫ్రేము కట్టించుకున్నవి 11. నేను ఉద్యోగం చేసుకుంటూ సెలవు రోజుల్లో కెమెరా పట్టుకునే మనిషిని. కాబట్టి ఇది ల్యాబ్ పరీక్ష కాదు, వాడి చూసిన అనుభవం.

ఈ లెన్స్ గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా బ్యాక్‌గ్రౌండ్ ఎంత అందంగా మసకబారుతుందో చెబుతారు. అది నిజమే. నేను మాత్రం దీన్ని ఇంతకాలం కెమెరాకే ఉంచేయడానికి కారణం దీనికి జూమ్ లేకపోవడం, అంటే చూపు వెడల్పు ఎప్పుడూ 50 ఎంఎం దగ్గరే ఉండటం. ఆ మాట ఎందుకంటున్నానో కాస్త వివరంగా చెప్పాలి.

కొన్నది మాత్రం జూమ్ గురించి ఆలోచించి కాదు. కెమెరాతో పాటు వచ్చిన 18-55 ఎంఎం కిట్ జూమ్ లెన్స్‌తో రాత్రిపూట ఇంట్లో తీసిన ఫొటోలన్నీ ఊగిపోయినట్టు వచ్చేవి. వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి అయిన ఐఎస్‌ఓను 6400కి పెంచితే ముఖాల మీద ఇసక చల్లినట్టు నాయిస్. ఆ లెన్స్‌ను 55 దగ్గర పెడితే అపర్చర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది. 50 ఎంఎంలో అదే ఎఫ్/1.8 దాకా తెరుచుకుంటుంది. ఈ రెండింటి మధ్య వెలుతురు తేడా దాదాపు పది రెట్లు. అంటే అదే గదిలో, అదే లైటు కింద, అదే షటర్ స్పీడ్‌తో (షటర్ తెరిచి ఉండే సమయంతో) ఐఎస్‌ఓ 6400 బదులు 800 లోపే సరిపోతుంది. మొదటి రోజు రాత్రి నిద్రపోతున్న పాపను టేబుల్ లైటు వెలుగులో తీసి, స్క్రీన్ మీద పెద్దది చేసి కనురెప్పల వెంట్రుకలు చూసినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఆ సంతోషంలో మూడు నెలల పాటు ప్రతి ఫొటోనూ ఎఫ్/1.8 దగ్గరే తీశాను. అక్కడే దెబ్బ తిన్నాను. మా అన్నయ్య కూతురి పుట్టినరోజుకు 200 ఫొటోలు తీస్తే, ఇంటికొచ్చి చూసుకునేసరికి సగానికి పైగా వాటిలో చెవి స్పష్టంగా, కళ్లు మసకగా ఉన్నాయి. తప్పు లెన్స్‌లో ఉందనుకున్నాను. నిజానికి ఒకటిన్నర మీటరు దూరంలో ఉన్న మనిషిని నా కెమెరాతో ఎఫ్/1.8 దగ్గర తీస్తే, ముందూ వెనకా కలిపి స్పష్టంగా ఉండే లోతు సుమారు 6 సెంటీమీటర్లు. మీటరు దూరానికి వెళ్తే అది 3 సెంటీమీటర్ల లోపుకు పడిపోతుంది. ముఖం కొంచెం పక్కకు తిరిగితే రెండు కళ్లూ ఆ లోతులో పట్టవు. పైగా అప్పట్లో నేను మధ్యలో ఉన్న పాయింటుతో కన్ను మీద ఫోకస్ చేసి, తర్వాత కెమెరాను పక్కకు తిప్పి ఫ్రేము సరిచేసుకునేవాడిని. ఆ చిన్న తిప్పుడుకే ఫోకస్ కంటి నుంచి జారిపోతోంది.

అప్పటి నుంచి ముందు ఫ్రేము చూసుకుని, కంటి దగ్గరున్న ఫోకస్ పాయింటును ఎంచుకోవడం అలవాటు చేసుకున్నాను. ఒక్కరే ఉంటే ఎఫ్/2.8, ఇద్దరు పక్కపక్కన ఉంటే ఎఫ్/4. ఎఫ్/4 దగ్గర ఆ లోతు అదే దూరంలో 13 సెంటీమీటర్ల దాకా వస్తుంది, బ్యాక్‌గ్రౌండ్ అప్పటికీ మెత్తగానే ఉంటుంది. ఈ లెన్స్ అసలు పదును కూడా ఎఫ్/2.8 నుంచే మొదలవుతుంది. ఎఫ్/1.8ను ఇప్పుడు వెలుతురు నిజంగా లేనప్పుడే వాడుతున్నాను.

ఇక జూమ్ సంగతి. నా కెమెరాలో సెన్సర్ ఏపీఎస్-సీ సైజుది, అంటే ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ కంటే చిన్నది. ఎంఎం అంకె పెరిగేకొద్దీ లెన్స్ చూపించే ఫ్రేము ఇరుకవుతుంది. దాని మీద 50 ఎంఎం చూపించే ఫ్రేము, ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద 75 ఎంఎం చూపించేంత ఇరుకుగా ఉంటుంది. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ ఆన్రీ కార్టియే-బ్రెసాన్ జీవితకాలం ఎక్కువగా 50 ఎంఎంతోనే పని చేశారని చాలామంది ఉదాహరణగా చెబుతారు. ఆయనది 35 ఎంఎం ఫిల్మ్ కెమెరా. ఇక్కడ 35 అన్నది ఫిల్మ్ వెడల్పు, దాని ఫ్రేము ఫుల్ ఫ్రేమ్ సైజుదే. ఆ చూపు మనకు ఏపీఎస్-సీ కెమెరాలో కావాలంటే 35 ఎంఎం లెన్స్ దగ్గరగా వస్తుంది. ఈ తేడా తెలియకుండా కొంటే గదిలో నిలబడగానే నిరాశ పడతారు. మూడు మీటర్ల వెడల్పున నిలబడ్డ కుటుంబం ఫ్రేములో పట్టాలంటే నేను ఆరు మీటర్లకు పైగా వెనక్కి వెళ్లాలి. మామూలు హాల్లో అంత చోటు ఉండదు. గ్రూప్ ఫొటోలకు ఇది పనికిరాదు, అంతే.

కానీ ఆ ఇరుకే నన్ను కదిలించింది. కిట్ లెన్స్ ఉన్నన్నాళ్లూ కుర్చీలో కూర్చునే రింగు తిప్పి మనుషులను దగ్గరకు తెచ్చుకునేవాడిని. నిలబడ్డ చోటు మారేది కాదు, కాబట్టి ఫొటోల్లో వెనక ఉన్న కిటికీ, స్విచ్‌బోర్డు, తలుపు ఎప్పుడూ అదే చోట ఉండేవి. 50 ఎంఎం పెట్టాక దగ్గరికి నడవాలి, లేదా వెనక్కి జరగాలి. నడిచేటప్పుడు ఎవరైనా చూస్తూనే నడుస్తారు. రెండడుగులు ఎడమకు వేస్తే తల వెనకున్న స్తంభం పక్కకు పోతుంది. మోకాళ్ల మీద కూర్చుంటే నేల మీది చిందరవందర మాయమై గోడ మాత్రం మిగులుతుంది. రింగు తిప్పి ఇవి సాధించలేం.

ముఖం ఎలా కనిపిస్తుందన్నది కూడా దూరాన్ని బట్టే ఉంటుందని అప్పుడే అర్థమైంది. 18 ఎంఎంతో ముఖాన్ని అంతే పెద్దగా చూపించాలంటే అర మీటరు దూరానికి వెళ్లాలి. అక్కడి నుంచి చూస్తే ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టుగా ఉంటాయి. ఒకటిన్నర మీటరు దూరం నుంచి తీస్తే మనం రోజూ చూసే మనిషిలాగే ఉంటారు. మా అమ్మకు తన ఫొటోలు నచ్చేవి కావు. ఈ లెన్స్‌తో తీసినవి చూసి మొదటిసారి "ఇది బాగుందిరా, ఉంచు" అంది.

నాకు బాగా పనికొచ్చిన అభ్యాసం ఒకటి ఇక్కడ చెప్పాలి. కెమెరా ఎత్తే ముందే, ఈ చోటు నుంచి ఫ్రేములో ఎంత పడుతుందో మనసులో గీత గీసుకోవడం. తర్వాత కెమెరాలోంచి చూసి సరిచూసుకోవడం. మొదట్లో నా అంచనా ప్రతిసారీ తప్పేది. ఆరు నెలలకు దాదాపు కుదిరింది. జూమ్ లెన్స్‌తో ఈ అంచనా కుదరదు, ఎందుకంటే ఫ్రేము ప్రతిసారీ మారిపోతుంది. ఇప్పుడు ఎవరైనా నవ్వబోతున్నారనిపిస్తే నేను అప్పటికే ఉండాల్సిన చోట ఉంటున్నాను.

వెలుతురు విషయంలో మా నానమ్మ దగ్గర నేర్చుకున్నది ఎక్కువ. ఆమె మధ్యాహ్నాలు కిటికీ పక్కన కూర్చుని బట్టలు కుట్టుకునేది. ఒక రోజు ఆమెను మూడు చోట్ల నుంచి తీశాను. కిటికీకి వీపు పెట్టి నిలబడి తీస్తే ముఖం మీద వెలుతురు సమంగా పడింది గానీ చదునుగా ఉంది. ఆమె వెనక కిటికీ ఉండేలా తీస్తే ముఖం నల్లబడిపోయింది. కిటికీ నాకు ఒక పక్కన ఉండేలా జరిగాక, ముడతలు, సూది పట్టిన వేళ్లు, దారం అన్నీ లేచి నిలబడ్డాయి. కూర్చున్న మనిషి అక్కడే ఉంది, కిటికీ అక్కడే ఉంది. మారింది నేను. ఇప్పుడు ఏ గదిలోకి వెళ్లినా ముందు వెలుతురు ఎటు నుంచి వస్తోందో చూస్తాను. నానమ్మ ఇప్పుడు లేదు. ఆ మూడో ఫొటో మా హాల్లో ఉంది.

ఎక్స్‌పోజర్‌లో, అంటే ఫొటోకు ఎంత వెలుతురు అందాలన్న లెక్కలో, నన్ను చాలాకాలం తికమక పెట్టింది తెలుపు. తెల్ల గోడ ముందు తెల్ల చొక్కా వేసుకున్న మనిషిని తీస్తే గోడ, చొక్కా రెండూ బూడిద రంగులో వచ్చేవి. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు తన ముందున్నది ఏదైనా సగటున మధ్యస్థమైన బూడిద రంగులో ఉంటుందనుకుని లెక్క వేస్తుంది. తెలుపు ఎక్కువున్నప్పుడు, కెమెరా లెక్కను మనం సవరించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ప్లస్ 1 దాకా పెంచాలి. నల్ల కుక్కను ఫ్రేము నిండా తీస్తుంటే మైనస్ వైపు తగ్గించాలి. తీశాక హిస్టోగ్రామ్ (ఎడమ నలుపు నుంచి కుడి తెలుపు దాకా వెలుతురు ఎలా పరుచుకుందో చూపే గ్రాఫ్) చూసి కుడి అంచుకు గుద్దుకుందా లేదా అని చూసుకుంటాను. అలా పూర్తిగా తెల్లబడిపోయిన చోట వివరం తర్వాత తిరిగి రాదు. నీడల్లోది, సెన్సర్ పట్టిన సమాచారాన్ని జేపెగ్‌లా కుదించకుండా దాచే రా ఫైల్‌లో కొంతవరకు వస్తుంది. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 స్థాయిలే, 14 బిట్ రా ఫైల్‌లో 16,384 ఉంటాయి. సరిదిద్దుకోవడానికి డార్క్‌టేబుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. మొదటి రెండు వారాలు కష్టంగా ఉంటుంది, తర్వాత చేతికొస్తుంది.

మసక ఫొటోలను వెంటనే డిలీట్ చేయడం కూడా మానేశాను. అవే ఎక్కువ నేర్పాయి. ఫ్రేములో ఎక్కడో ఒకచోట స్పష్టంగా ఉండి ముఖం మసకగా ఉంటే ఫోకస్ తప్పిందని అర్థం. గోడ, కుర్చీ, మనిషి అన్నీ ఒకే వైపుకు సాగినట్టుంటే చెయ్యి కదిలింది. గోడ స్పష్టంగా ఉండి మనిషి చెయ్యో తలో మాత్రమే సాగితే ఆ మనిషి కదిలాడు. మూడింటికీ మందు వేరు. నా లెన్స్‌లో చేతి వణుకును సర్దే స్టెబిలైజేషన్ లేదు. చేతి కదలికకు పాత లెక్క ప్రకారం సెకనులో 80వ వంతు చాలాలి, కానీ నేను 125వ వంతు కంటే కిందికి వెళ్లను. పరుగెత్తే పిల్లలకు 500వ వంతు కావాలి. ఫొటోతో పాటు సేవ్ అయ్యే ఎక్సిఫ్ వివరాలు పక్కన పెట్టుకుని ఇలా ఒక నెల చూసుకుంటే, మన తప్పు ఏదో మనకే కనిపిస్తుంది. నాది సగం షటర్ స్పీడ్ దగ్గరే ఉందని తేలింది. ఇప్పుడు కెమెరాను, అపర్చర్ నేను ఎంచుకుంటే మిగతాది అది చూసుకునే అపర్చర్ ప్రయారిటీ మోడ్‌లో ఉంచి, ఆటో ఐఎస్‌ఓకు కనీస షటర్ స్పీడ్ 125వ వంతుగా పెట్టేశాను. ఆ టెన్షన్ పోయింది.

లోపాలు ఉన్నాయి. ఎఫ్/1.8 దగ్గర ఎండలో ఆకుల అంచులకు, స్టీలు గిన్నెల మెరుపులకు ఊదా రంగు గీత వస్తుంది. ఎఫ్/4 దాటితే దాదాపు పోతుంది. ఫోకస్ మోటారు శబ్దం చేస్తుంది. వీడియోలో ఆ శబ్దం రికార్డవుతుంది, నిద్రపోయే పసిపిల్లలు ఉలిక్కిపడతారు. చీకట్లో ముందుకూ వెనక్కూ వెతుక్కుంటుంది. అప్పుడు ముఖం మీద వెలుతురు, నీడ కలిసే గీత మీద పాయింటు పెడితే త్వరగా పట్టుకుంటుంది. 45 సెంటీమీటర్ల కంటే దగ్గరికి ఫోకస్ కాదు, కాబట్టి పూల లోపలి కేసరాలు, పురుగుల కళ్లు దీనితో కుదరవు. బాడీ ప్లాస్టిక్. నాలుగో ఏడు టేబుల్ మీంచి పడినప్పుడు వచ్చిందే ఆ పగులు. గాజుకు ఏమీ కాలేదు గానీ ఆ రోజంతా మనసు బాగాలేదు. రిపేరుకు ఇస్తే అడిగినంతలో దాదాపు కొత్తదే వస్తుంది, అందుకే అలాగే వాడుతున్నాను.

బూజు గురించి కూడా జాగ్రత్త. ఒక వానాకాలం బ్యాగులోనే మూసి ఉంచి నెలన్నర తీయలేదు. వెనక గాజు అంచున సాలెగూడు పోగులా ఒక మచ్చ మొదలైంది. తొందరగా చూశాను కాబట్టి శుభ్రం చేయించగలిగాను. ఇప్పుడు గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి, చిన్న తేమ మీటరు పెట్టి 40 నుంచి 50 శాతం మధ్య ఉంచుతున్నాను. అన్నిటికంటే మంచి మందు తరచూ బయటికి తీసి వాడటమే.

మనుషుల ముఖాలు, పిల్లలు, చేతిపనులు తీయాలనుకునేవాళ్లకు ఇది రెండో లెన్స్‌గా చక్కగా సరిపోతుంది. కొండలు, కట్టడాలు, ఇరుకు గదులు తీసేవాళ్లు 35 ఎంఎం గానీ అంతకంటే వెడల్పైనది గానీ చూసుకోండి. పక్షులు తీయాలనుకుంటే ఇది అసలు వద్దు. కొన్నాక కనీసం రెండు నెలలు కిట్ లెన్స్‌ను బీరువాలో పెట్టేయండి. పక్కన అది ఉంటే చెయ్యి దానిమీదికే పోతుంది, నాకూ మొదటి నెల అలాగే అయింది.

సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేవాళ్లు ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి ముందు నుంచి చూడండి. దుమ్ము చుక్కలు ఫరవాలేదు, పోగుల్లాంటి గీతలుంటే వదిలేయండి. అపర్చర్ రేకుల మీద నూనె మరక ఉందేమో చూడండి, ఉంటే అవి నెమ్మదిగా మూసుకుని ఎక్స్‌పోజర్ తప్పుతుంది. తర్వాత ఒక వార్తాపత్రికను గోడకు అతికించి ఎఫ్/1.8 దగ్గర ఒకటి, ఎఫ్/5.6 దగ్గర ఒకటి తీయండి. ఎఫ్/5.6 ఫొటోలో నాలుగు మూలల అక్షరాలూ ఒకే తీరున చదవగలగాలి. ఒక మూల మాత్రమే మసకగా ఉంటే, కెమెరా గోడకు నేరుగా ఉందో లేదో చూసుకుని మళ్లీ తీయండి. అప్పటికీ అదే మూల మసకబారితే లోపల ఏదో గాజు పక్కకు జరిగినట్టే, దాన్ని తీసుకోకండి.