చెన్నైలో హార్ట్ ఫెయిల్యూర్ క్లినిక్: మా ఆరు నెలల అనుభవం

మాది నెల్లూరు. పెళ్లయ్యాక నేను పెరంబూరులో ఉంటున్నాను. నాయనకు 54 ఏళ్లు. రాత్రి పడుకుంటే ఆయాసమొచ్చి లేచి కూర్చుంటున్నాడని అమ్మ ఫోన్ చేస్తే, ఇద్దరినీ పినాకిని ఎక్కించి రప్పించాం. ఎకో (గుండె స్కానింగ్) తీస్తే గుండె పంపింగ్ 30 శాతమే. అప్పటి నుంచి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో హార్ట్ ఫెయిల్యూర్‌కని, అంటే గుండె బలహీనపడినవాళ్లకని, విడిగా నడిపే క్లినిక్‌కు వెళ్తున్నాం. ఒక తప్పు కూడా చెప్పాల్సి ఉంది కాబట్టి పేరు రాయడం లేదు.

డాక్టరమ్మకు మాత్రం చేతులెత్తి దండం పెట్టాలి. నాయన సిగరెట్ తాగడు, లావు కాదు, షుగర్ ఒక్కటే ఉంది. ఈ వయసులో ఎందుకొచ్చిందని ఏడుస్తూ అడిగాను. వెనక అంతమంది క్యూలో ఉన్నా పావుగంట కూర్చోబెట్టి చెప్పింది. అమెరికాలో నల్లజాతివాళ్లకు గుండె బలహీనపడటానికి బీపీ పెద్ద కారణమట. వాళ్ల కోసమే ఒక జోడు మందుకు అక్కడ 2005లో అనుమతిచ్చారట. మనవాళ్లలో ఎక్కువగా రక్తనాళాల్లో పూడికలే కారణం, దానికి షుగర్ తోడు. ఇంటర్‌హార్ట్ అనే పెద్ద అధ్యయనంలో దక్షిణాసియావాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వచ్చింది, మిగతావాళ్లకు దాదాపు 59కి. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) కూడా మనకు 23 దాటగానే జాగ్రత్తపడాలట. నాయనది 24, పైగా పొట్ట. లావు లేడు కదా అని ఇన్నేళ్లు నిశ్చింతగా ఉన్నాం. యాంజియోగ్రామ్‌లో రెండు బ్లాకులు కనపడ్డాయి.

అంతా పుట్టుకతో వచ్చిందే అనుకోవద్దని, మందులు సరిగా అందడమూ ముఖ్యమని కూడా చెప్పింది. తిరువనంతపురంలో 1,205 మంది హార్ట్ ఫెయిల్యూర్ రోగులను గమనిస్తే, ఏడాదిలో దాదాపు మూడో వంతు మంది చనిపోయారు. పంపింగ్ తగ్గినవాళ్లలో డిశ్చార్జి నాటికి సరైన మందులన్నీ అందినది నాలుగో వంతు మందికే. ఆ మాట విన్నాక నాయన ఒక్క మాత్ర కూడా మానలేదు.

ఇక తప్పు. వాళ్లిచ్చిన డైట్ కాగితంలో ఉప్పున్నవి మానాలంటూ బేకన్, చీజ్, డబ్బా సూప్ రాశారు. నేను చదివి వినిపిస్తే "ఇవేవీ మనం తినంగా" అని అమ్మ ధైర్యంగా ఆవకాయ, ఎండుచేపలు పెట్టింది. పది రోజుల్లో మూడు కిలోలు పెరిగాడు, పాదాలు వాచాయి, ఒంట్లో నీరు తగ్గించే మాత్ర డోసు పెంచాల్సి వచ్చింది. నెల్లూరు మనిషికి ఎండుచేపల సంగతి చెప్పని ఉప్పు జాబితా ఎందుకు? నాకు చాలా కోపమొచ్చింది.

అక్కడి సిస్టర్‌ది తిరుత్తణి వైపు, తెలుగు మాట్లాడుతుంది. నా కోపం విని ఆ కాగితం వెనకే రాసిచ్చింది: ఊరగాయ, అప్పడం, ఊరమిరపకాయలు, ఎండుచేపలు వద్దు. రోజుకు లీటరున్నర ద్రవంలో చారు, మజ్జిగ, కాఫీ కూడా లెక్కే. "అన్నా, పొద్దున్నే కాఫీకి ముందే బరువు చూసుకోండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఆగకుండా ఫోన్ చేయండి" అంది. ఒకసారి రాత్రి తొమ్మిదికి చేశాం, ఎత్తింది.

కూర్చునే చోటు ఇరుకు. రెండు గంటలు ఆగాలి.

వచ్చే వారం మళ్లీ ఎకో. సిస్టర్ రాసిన జాబితాను తెలుగులో, తమిళంలో టైపు చేయించాను. అందరికీ ఇదే ప్రింట్ చేసి ఇవ్వమని డాక్టరమ్మను అడగాలి.