అమీర్‌పేటలో ఆదివారం ఇడియమ్స్ బ్యాచ్: పాఠం బాగుంది, రూమే ఇరుకు

ఫారిన్ క్లయింట్ల కాల్స్ నా నెత్తిన పడ్డాక, మైత్రీవనం దగ్గర ఒక స్పోకెన్ ఇంగ్లీష్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. పేరెందుకు లెండి. అవకాశం లేదని చెప్పే మాటల మీద జరిగిన క్లాసు ఒక్కటే ఫీజుకు సరిపోయింది.

'స్లిమ్ ఛాన్స్' అంటే ఆశ తక్కువని తెలుసు. మరి 'ఫ్యాట్ ఛాన్స్' అంటే ఎక్కువనేగా? కాదట. అది వెటకారం, మనం 'ఆఁ, అయినట్టే!' అన్నట్టు. క్లయింట్ దగ్గర నోరు జారితే అంతే సంగతులు. ఆస్ట్రేలియా వాళ్లు 'బక్లీస్ ఛాన్స్' అన్నారంటే ఇక ఆశ వదులుకోవచ్చు. 'చైనామన్స్ ఛాన్స్' జోలికి మాత్రం పోవద్దని మేడమ్ గట్టిగా చెప్పారు. అమెరికాలో చైనా వలస కూలీలను చిన్నచూపు చూసిన రోజుల నాటి మాట అది.

నాకు రోజూ పనికొస్తున్నది వేరే. మెయిల్ చూడటం కుదరకపోతే మా టీమ్‌లో 'ఐ హ్యావ్ నో ఛాన్స్' అనేస్తారు. అది వింటే అవతలివాళ్లకు ఇక ఆశే లేదన్నట్టు ఉంటుంది. 'ఐ హావెంట్ హ్యాడ్ ఎ ఛాన్స్ టు లుక్ ఎట్ ఇట్ యెట్' అంటే ఇంకా వీలవలేదని, మర్యాదగా.

ఇక లోపాలు. రూమ్ కిక్కిరిసి ఉంటుంది, వెనక బెంచీ వాళ్లకు మాట్లాడే వంతే రాదు. జిరాక్స్ నోట్స్‌లో కింది లైన్లు సగం తెగిపోయాయి. రికార్డింగులు అడిగితే 'నెక్స్ట్ వీక్ అండీ' అంటారు. గ్రామర్ కాస్త వచ్చినవాళ్లు చేరొచ్చు, కాకపోతే ముందే వెళ్లి మొదటి వరుస పట్టుకోండి.