నల్లగొండలో ఒక క్రైస్తవ పుస్తకాల దుకాణం: ఒకే అరలో రెండు బైబిళ్లు

నల్లగొండ క్లాక్ టవర్‌కు కొంత దూరంలో, ఒక సందు లోపల ఉన్న ఈ చిన్న దుకాణానికి నేను ఒకే పని మీద వెళ్లాను. మాది బాప్తిస్టు (ప్రొటెస్టంటు) సంఘం, మా వదినగారి పుట్టింటివారు ఆర్‌సీఎం, అంటే రోమన్ క్యాథలిక్కులు. విశ్వాసానికి ప్రమాణం లేఖనమొక్కటేనా, సంఘ సంప్రదాయం కూడానా అన్న వాదం మా ఇంట్లో ప్రతి క్రిస్మస్‌కూ భోజనాల దగ్గర మొదలై, తేలకుండానే ఆగిపోతుంది. ఈసారి ఇరుపక్షాల గ్రంథాలూ ముందు పెట్టుకొని చదవాలనుకున్నాను.

66 పుస్తకాల ప్రొటెస్టంటు బైబిలునూ, 73 పుస్తకాల క్యాథలిక్ బైబిలునూ ఇక్కడ ఒకే అరలో పక్కపక్కన ఉంచారు. 1976 నుంచి మేత్రాసనం (క్యాథలిక్ బిషప్ పీఠం) ఉన్న ఈ ఊళ్లో, అంతకు చాలా ముందే బాప్తిస్టు మిషనరీలు పనిచేసిన ఈ ఊళ్లో, రెండూ కలిపి అమ్మే చోటు నాకు ఇంతకుముందు కనబడలేదు. "రెండూ పోతయి సార్, కానీ రెండూ ఒక్కరే కొనుడు తక్కువ" అన్నారు దుకాణదారు.

కొనకముందే గంటసేపు కూర్చొని చూసుకోనిచ్చారు. మా పాత అనువాదం ప్రకారం మార్కు 7వ అధ్యాయంలో యేసు తప్పుపట్టినది 'పారంపర్యాచారము'; 2 థెస్సలొనీక 2:15లో పౌలు చేపట్టమన్నవి 'విధులు'; 1 కొరింథీ 11:2లో మెచ్చుకున్నవి 'కట్టడలు'. గ్రీకులో మూడుచోట్లా ఉన్నది 'పరదోసిస్' అన్న ఒకే మాట, అంటే ఒకరి నుంచి మరొకరికి అప్పగించినది. తప్పుపట్టిన చోట ఒక మాట, మెచ్చుకున్న చోట వేరే మాటలు పడినందువల్లనే, సంప్రదాయమంటే చెడ్డదే అనుకుంటూ నేను పెరిగానేమో. అయినా వదినగారి పక్షం గెలిచినట్టు కాదు: పౌలు నోట విన్నదేదో, తర్వాతి శతాబ్దాలలో చేరినదేదో విడదీసి చూపవలసిన భారం వారిదే. (మా సంఘంలో ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన, నెల మొదటి ఆదివారమే ఎందుకని అడిగితే పెద్దలు వచనం చూపలేరు, రెండో ఆదివారానికి మార్చనూ మార్చరు.)

బైబిళ్ల విషయంలో చూపిన శ్రద్ధ చిన్న పుస్తకాల ఎంపికలో లేదు. నేను కొన్న వాటిలో ఒకటి, ట్రెంట్ మహాసభ (క్యాథలిక్ బిషప్పుల సభ) సంప్రదాయాన్ని లేఖనం కంటే పైన నిలిపిందని రాసింది. 1546 ఏప్రిల్ 8 నాటి ఆ తీర్మానం రెండింటినీ సమానమైన భక్తితో స్వీకరించింది తప్ప, ఒకదాన్ని పైన పెట్టలేదు. 1965లో రెండవ వాటికన్ మహాసభ అవి ఒకే దైవిక ఊట నుంచి వచ్చినవని చెప్పింది. అవతలి పక్షపు, అంటే క్యాథలిక్ కరపత్రమేమో, ప్రొటెస్టంటు ఉద్యమాన్ని మొదలుపెట్టిన లూథర్, క్యాథలిక్ బైబిలులో అదనంగా ఉన్న ఏడు పుస్తకాలను పారవేశాడంటుంది. ఆయన 1534 జర్మన్ బైబిలులో అవి ఉన్నాయి, లేఖనంతో సమానం కావన్న మాటతో వేరే విభాగంగా. రెండింటిమీదా రచయిత పేరు గానీ ముద్రణ సంవత్సరం గానీ లేదు. ఇటువంటివి అమ్మేముందు ఒకసారి చదివి చూడవచ్చు.

తెలుగు పదానుక్రమణిక (ఏ మాట బైబిలులో ఎక్కడెక్కడ వస్తుందో చూపే పుస్తకం) అడిగితే లేదన్నారు, కానీ నోటుబుక్కులో రాసుకొని వారంలో తెప్పించి ఇచ్చారు. దేవరకొండ, మునుగోడు వైపు నుంచి వచ్చేవారు గమనించండి: ఆదివారం ఆరాధన ముగిశాక, మధ్యాహ్నం తర్వాతే తెరుస్తారు.