చూజ్, సెలెక్ట్, పిక్: ఎక్కడ ఏది మేలు?

ఉద్యోగ ఇంటర్వ్యూలకూ, అమెరికా వీసాకూ తయారయ్యే పిల్లలు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. "ఈ యూనివర్సిటీయే ఎందుకు అని అడిగితే ‘ఐ చోజ్’ అని మొదలుపెట్టాలా, ‘ఐ సెలెక్టెడ్’ అనాలా?" వ్యాకరణం ప్రకారం రెండూ సరైనవే. అయినా నేను ‘ఐ చోజ్’ అనమనే చెప్తాను.

నిఘంటువు తెరిస్తే ఈ మాటలన్నిటికీ ఇంచుమించు ఒకటే అర్థం కనిపిస్తుంది. అసలు తేడా తెలియాలంటే ఆ ఎంపిక దేన్ని బట్టి జరిగిందో చూడాలి. చూజ్‌లో మనిషి ఇష్టం, నిర్ణయం ముందుంటాయి. సెలెక్ట్‌లో మార్కులో, అర్హతో, నాణ్యతో ఏదో ఒక కొలమానం ముందుంటుంది. చాలావాటిని పరిశీలించి, తగినదాన్ని వేరు చేయడం అది. మన ‘ఎంచుకోవడం’, ‘ఎంపిక చేయడం’ మధ్య ఉన్న తేడా కూడా దాదాపు ఇదే. ‘ఎంచుకోవడం’లోని ఆ ‘కో’ మన కోసం మనం చేసుకునే పనిని చెప్తుంది. ఎంపిక మాత్రం కమిటీ చేస్తుంది, బోర్డు చేస్తుంది. అందుకే స్టాఫ్ సెలెక్షన్ కమిషన్‌కూ, సైన్యంలో ఆఫీసర్లను తీసుకునే సర్వీసెస్ సెలెక్షన్ బోర్డుకూ ఆ పేర్లు అతికినట్టు సరిపోయాయి.

క్రికెట్ చూసేవాళ్లకు ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఆటగాళ్ల ఫామ్, ఫిట్‌నెస్ చూసి జట్టును సెలెక్ట్ చేసేది సెలెక్టర్లు. టాస్ గెలిచిన కెప్టెన్ మాత్రం ‘చోజ్ టు బ్యాట్’, లేదంటే ‘ఎలెక్టెడ్ టు బ్యాట్’. ‘హీ సెలెక్టెడ్ టు బ్యాట్’ అని ఏ కామెంటేటరూ అనడు.

నా దృష్టిలో తేల్చేసేది ఈ ‘టు’యే. ఒక పని చేయాలని మనంతట మనం నిశ్చయించుకున్నామని చెప్పాలంటే చూజ్ తర్వాత ‘టు’ పెట్టి క్రియ వేస్తే చాలు. సెలెక్ట్‌కు, పిక్‌కు ఆ వీలు లేదు. 1962 సెప్టెంబర్ 12న హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో అమెరికా అధ్యక్షుడు కెనడీ ‘వీ చూజ్ టు గో టు ద మూన్’ అన్నారు. అది తేలికని కాదు, కష్టమని తెలిసే పూనుకుంటున్నామని కూడా చెప్పారు. అక్కడ సెలెక్ట్ పెడితే వాక్యమే నిలవదు. డిసైడ్ పెడితే నిలుస్తుంది గానీ, ఒక నిర్ణయం తీసుకున్నామన్న సమాచారం మాత్రమే మిగులుతుంది. వేరే దారి ఉన్నా కావాలని ఈ దారి పట్టామన్న పట్టుదల చూజ్‌లోనే వినిపిస్తుంది. ‘ఐ చోజ్ టు స్టడీ స్టాటిస్టిక్స్’ అన్న విద్యార్థి మాటలోనూ ఆ బలం ఉంటుంది. ఇంటర్వ్యూ చేసేవాళ్లు వినాలనుకునేది కూడా ఆ ఇష్టాన్నే, దాని వెనకున్న కారణాన్నే.

సెలెక్ట్ విషయంలో మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇంకొకటి ఉంది. ‘వాడు ఆర్మీలో సెలెక్ట్ అయ్యాడు’ అనే అలవాటు కొద్దీ ‘హీ సెలెక్టెడ్ ఇన్ ఆర్మీ’ అంటారు. ఇంగ్లీషులో దాని అర్థం వాడే ఎవరినో ఎంపిక చేశాడని. ‘హీ వాజ్ సెలెక్టెడ్ ఫర్ ద ఆర్మీ’ అనాలి, ఆ ‘వాజ్’ వదలకూడదు. చీరల కొట్లో ‘సెలెక్ట్ చేశావా?’ అని తెలుగులో అడగడంలో తప్పేమీ లేదు. ఆ మాట ఎప్పుడో మనదైపోయింది.

పిక్ చనువైన మాట. పెద్దగా ఆలోచించకుండా చటుక్కున తీసుకోవడానికి, స్నేహితుల మధ్య మాట్లాడుకోవడానికి బాగుంటుంది, అప్లికేషన్లో వద్దు. ‘ఆప్ట్ ఫర్’ కౌన్సెలింగ్ ఫారాల్లో చూసేదే, ఉన్న ఆప్షన్లలో ఒకదానికి టిక్ పెట్టడం లాంటిది. ప్రిఫర్ అంటే మొగ్గు మాత్రమే, ఇంకా ఎంచుకున్నట్టు కాదు. దాని తర్వాత ‘దాన్’ రాదు, ‘ఐ ప్రిఫర్ టీ టు కాఫీ’ అనాలి.

చూజ్ వాడమని ఇంతగా చెప్తున్నాను కాబట్టి దాని రూపాలు కూడా సరిగ్గా పట్టుకోవాలి. చూజ్, చోజ్, చోజెన్. ‘చూజ్డ్’ అనే మాట లేదు. రాతలో వర్తమానానికి రెండు ‘ఓ’లు, గతానికి ఒకటే. ఇద్దరిలో ఒకరంటే ‘చూజ్ బిట్వీన్’ వాడి, మధ్యలో ‘ఆర్’ కాకుండా ‘అండ్’ పెట్టాలి. చాలామందిలోంచి అయితే ‘చూజ్ ఫ్రమ్’. నిన్నటి ఎంపిక గురించి చెప్తూ ‘చూజ్’ అనేసేవాళ్లు చాలామంది ఉన్నారు. నోటికి అలవాటయ్యేదాకా ‘ఐ చోజ్’ అని పైకి పలికి సాధన చేయండి.